నా పాపం నేనే మోస్తాను

రమ్‌ఫై కడుపుతో ఉందని తెలిసిన రోజున ఆమె తల్లి ఖమ్‌పున్, గుడికి వెళ్లి బుద్ధుడి ముందు తొమ్మిది తామర మొగ్గలు పెట్టి వచ్చింది. పదకొండేళ్ల తర్వాత ఇంట్లో మళ్లీ ఉయ్యాల కట్టే యోగం పట్టిందని ఇరుగుపొరుగు వాళ్లకు చెప్పుకుంది. రమ్‌ఫై మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. చేపల వలల ఫ్యాక్టరీలో తెగిన పోగులు ముడివేస్తూ లోలోపల వారాలు లెక్కపెట్టుకుంది. పదహారో వారం రాగానే పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లి ఉమ్మనీటి పరీక్ష చేయించుకుంది.

ఆ పరీక్షకు కారణం కూతురు ఫియాంగ్. ఆ పిల్ల ఏడాది నిండకముందే పాలిపోయింది, పొట్ట ఉబ్బింది. తలసీమియా అన్నారు. రమ్‌ఫైలోనూ ఆమె భర్త విచియన్‌లోనూ చెరిసగం దాగి ఉన్న జబ్బు పిల్లలో నిండుగా బయటపడింది. అప్పటినుంచి నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుమును దించడానికి వారంలో ఐదు రోజులు పొట్ట చర్మంలోకి సూది గుచ్చి చిన్న పంపు తగిలించాలి. గుచ్చడానికి కమిలిపోని చోటు వెతుక్కోవడం తల్లీకూతుళ్లకు రోజూ ఉండే పని.

పరీక్ష ఫలితం వచ్చింది. ఈ బిడ్డకూ అదే జబ్బు. డాక్టరమ్మ ఉంచుకోవడమా, తీయించుకోవడమా అని రెండు దారులూ విడమరిచి చెప్పి, ఏది ఎంచుకున్నా తాము చూసుకుంటామంది. చెరకు లారీ నడుపుతూ ఎక్కడో దూరాన ఉన్న విచియన్ ఫోన్‌లో ఏడ్చాడు. చివరికి నీ మాటే నా మాట అన్నాడు. అది మంచితనమే అయినా రమ్‌ఫైకి ఒళ్లు మండింది. మోయాల్సిందంతా తన నెత్తినే పెట్టి పక్కకు తప్పుకున్నట్టు అనిపించింది.

ఆమె మనసు మాత్రం బస్సులో ఇంటికి వస్తుండగానే గట్టిపడిపోయింది. దిగీ దిగగానే, తీయించుకుంటానని తల్లికి చెప్పేసింది.

జిగురన్నం బుట్టలోకి తీస్తున్న ఖమ్‌పున్ చేతులు ఆగిపోయాయి. "అది నిన్ను వెతుక్కుంటూ వచ్చిందే. ఎన్ని జన్మల బంధమో. వాకిట్లోకి వచ్చినవాళ్లను మెడపట్టి గెంటుతామా? ప్రాణం తీయనని రోజూ పొద్దున్నే పంచశీలాలు వల్లిస్తావు. ఒట్టి నోటితోనేనా?"

"పాపం కాదని నేనన్లేదమ్మా," అంది రమ్‌ఫై. "ఫియాంగ్‌కి సూది గుచ్చేటప్పుడు నువ్వు పెరట్లోకి వెళ్లిపోతావు. ఇన్నేళ్లుగా వెళ్తూనే ఉన్నావు. నాకు వెళ్లడానికి చోటు లేదు. ఇంకో బిడ్డని నా చేత్తో అలా గుచ్చలేను. పాపమే. నా పాపం నేనే మోస్తాను."

ఆ రోజు నుంచి ఖమ్‌పున్ కూతురితో మాటలు మానేసింది. వేళకు వండేది, కంచం ముందుకు తోసేది, అంతే.

రెండో రోజు పొద్దున భిక్షువులు భోంచేసి లేచాక రమ్‌ఫై గుడికి వెళ్లింది. పెద్ద భిక్షువుకు ఎనభై దాటాయి. ఊళ్లో సగం మందికి పేర్లు పెట్టింది ఆయనే. ఆమె మూడుసార్లు వంగి మొక్కి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ప్రాణం తీయడం తప్పు. నాకు ఇంకో మాట రాదు," అన్నాడాయన. "తప్పు కాదని నాచేత చెప్పించుకోవాలని వస్తే మాత్రం వేరే గుడి చూసుకోవాలి తల్లీ."

"అందుకు రాలేదు స్వామీ. చేయబోతున్నానని చెప్పడానికి వచ్చాను. తర్వాత ఆ బిడ్డ పేరున దానం తెస్తే తీసుకుంటారా?"

ఏ మనసుతో చేస్తే అదే కర్మ అవుతుందన్నాడాయన. కోపంతో చేయవద్దన్నాడు, విసుగుతో అసలే వద్దన్నాడు. బిడ్డ మీద జాలితో చేస్తున్నదైతే ఆ జాలిని చివరిదాకా చేజార్చుకోవద్దన్నాడు. దానం తీసుకుంటానన్నాడు.

ఎన్ని గోడల మధ్య గుసగుసలాడినా పిల్లలకు తెలియకుండా పోదు. ఆ సాయంత్రం పంపు తగిలిస్తుంటే ఫియాంగ్ తల ఎత్తకుండా అడిగింది.

"నాకు జబ్బని ముందే తెలిసుంటే నన్నూ తీసేసేదానివా అమ్మా?"

అబద్ధం రమ్‌ఫై నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అప్పుడు తెలిసుంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు తల్లీ. అప్పుడు నువ్వెవరో నాకు తెలీదుగా. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు నిన్ను తీసుకుపోతానని ఎవరైనా వస్తే వాళ్లని చంపేస్తాను."

ఫియాంగ్ తల ఎత్తింది. "అదీ పాపమే కదా?"

"అదీ పాపమే."

పిల్ల ముక్కు ఎగబీల్చి, చొక్కా ఇంకాస్త పైకెత్తి, ఎడమ వైపు గుచ్చమంది. ఆ రాత్రి తల్లిని కరుచుకుని పడుకుంది.

ఆ వారంలోనే రమ్‌ఫై ఒక్కతే ఆసుపత్రిలో చేరింది. పొద్దున్నే మాత్రలు పెట్టారు. ఒక చిన్న నర్సు మొహం పక్కకు తిప్పుకుని ట్రే పెట్టి వెళ్లిపోయింది. ఆమెను ఏమీ అనాలనిపించలేదు రమ్‌ఫైకి. ఆమె పాటించే శీలాలు ఆమెవి. పదింటికల్లా నొప్పులు మొదలయ్యాయి. అచ్చం కాన్పు నొప్పులే. మంచం ఊచ పట్టుకుని పళ్లు బిగించింది.

మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర ఖమ్‌పున్ కనబడింది. రెండు బస్సులు మారి, వానలో తడిసి వచ్చింది. మాట్లాడకుండా మంచం మీద కూర్చుని కూతురి నడుము రెండు అరచేతులతో గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది.

"నేను ఒప్పుకున్నాననుకోకు," అంది కొంతసేపటికి. "ఒప్పుకోలేదు. ఇలాంటప్పుడు నా కూతురు ఒక్కత్తే ఉండకూడదని వచ్చాను. ఊపిరి పీల్చు."

మూడు గంటలకు అయిపోయింది. చూడాలనుందా అని పెద్ద నర్సు మెల్లగా అడిగింది. రమ్‌ఫై తల ఊపింది. తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ ఆమె అరచేతిలో పట్టింది. మగబిడ్డ. ఆమె చూపు తిప్పుకోలేదు. నన్ను క్షమించు నాయనా, మళ్లీ వచ్చేటప్పుడు గట్టి ఒంటితో రా అని చెప్పింది. నర్సుకు బిడ్డను తిరిగి ఇచ్చాక గానీ ఏడుపు రాలేదు. ఖమ్‌పున్ ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది.

పున్నమి నాడు ఖమ్‌పున్, రమ్‌ఫై ఇద్దరూ దానం పట్టుకుని గుడికి వెళ్లారు. కాషాయ వస్త్రం, బియ్యం, మందులు, వాటితో పాటు పసిపిల్లలు తాగే పాల డబ్బా. అన్నీ పెద్ద భిక్షువు పరిచిన గుడ్డ మీద పెట్టారు. ఆయన మంత్రం చదువుతుంటే రమ్‌ఫై చిన్న చెంబులోంచి గిన్నెలోకి సన్నటి ధారగా నీళ్లు వదిలి, ఆ పుణ్యం తన కొడుక్కి చేరాలని మొక్కుకుంది.

అదయ్యాక ఖమ్‌పున్ గుడి వంటసాలలోకి నడిచింది. పక్కింటి తొంగ్‌బై పొయ్యి దగ్గర కూర్చుని నలుగురు ఆడవాళ్లకు ఏదో చెబుతోంది.

"పుట్టకుండా పోయిన పిల్లలు తల్లి భుజం మీదెక్కి కూర్చుంటారట వదినా. అందుకే కాబోలు, నీ కూతురు వంగి నడుస్తోంది."

"దాని భుజం మీద ఎవరున్నారో దానికి తెలుసు," అంది ఖమ్‌పున్. "వాడికి నేను అమ్మమ్మని. వాణ్ని దించాలో మోయాలో మా ఇంటి సంగతి. నీ మూకుట్లో వెదురు కొమ్ములు మాడిపోతున్నాయి, అవి చూసుకో ముందు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తొంగ్‌బై గబగబా గరిటె అందుకుంది.

రమ్‌ఫై గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వెనక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. నడుము నిటారుగా పెట్టి లోపలికి వచ్చి, కాస్త జరగమని తొంగ్‌బైకి చెప్పి, ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుని పచ్చి బొప్పాయి తరగడం మొదలుపెట్టింది.