వ్యాను ఆగలేదు

“నువ్వు కూర చూసుకో క్రిస్టీ, టైపింగ్ నేను చూసుకుంటాను” అన్నారు శ్యామ్ బాబు.

చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా పనిలో చెయ్యి వెయ్యడం అదే మొదలు. పొద్దున్నే లేచి టిఫిన్లు, క్యారేజీలు, అత్తయ్యగారికి మందులు, తర్వాత అమలాపురం కాలేజీలో నా పాఠాలు, సాయంత్రం మళ్లీ వంట. వీటన్నిటి సందుల్లో నా పీహెచ్‌డీ. ఆయన రొయ్యల కంపెనీలో హెచ్చార్ మేనేజరు. ఇంట్లోనూ అదే భాష. కూర ఆలస్యమైతే “నీ టైం మేనేజ్‌మెంట్ బాగోలేదు” అంటారు. జ్వరమొచ్చి పడుకుంటే “ముందుగా చెప్పాలి కదా” అంటారు. అత్తయ్యగారైతే “పిల్లలకి పాఠాలు చెప్పేదానివి, మళ్లీ నువ్వు చదువుకోడమేంటమ్మా” అని నవ్వుతారు. అలాంటి ఇంట్లో, అలాంటి మనిషి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నా ఇంటర్వ్యూల రికార్డింగులు విని నా కోసం టైపు చేస్తానంటే కరగకుండా ఎలా ఉంటాను? స్టాఫ్ రూములో కామేశ్వరిగారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా. “పెట్టిపుట్టాలండి” అన్నారావిడ. నిజమేననుకున్నాను.

నా పరిశోధన కంపెనీల్లో మానవ వనరుల నిర్వహణ మీద. కాగితం మీద రాసుకున్న పద్ధతులకీ, మనుషుల మీద జరిగేవాటికీ ఎంత దూరమో చూడడం నా పని. ఉప్పలగుప్తం వైపు రొయ్యలు ఒలిచే ఆడవాళ్లని కలుసుకున్నాక ఆ దూరం అర్థమైంది. రోజంతా ఐసులో నానిన వేళ్లు, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే మండుతాయి. బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజరు టోకెను ఇవ్వాలి. అది ఇంకొకరి చేతిలో ఉంటే తిరిగొచ్చేదాకా బిగబట్టుకోవాలి. ఎదురు మాట్లాడినవాళ్లని తీసెయ్యరు. అక్కడసలు ఎవర్నీ తీసెయ్యరు. మర్నాడు పొద్దున్న కంపెనీ వ్యాను వాళ్ల గుమ్మం ముందు ఆగదు, అంతే. ‘ఒక్క మహిళనూ తొలగించని సంస్థ’ అని మా ఆయన కంపెనీకి ఎవరో ఇచ్చిన జ్ఞాపిక మా హాల్లో టీవీ పక్కన ఉంది. దాని మీద దుమ్ము తుడిచేది నేనే.

ఒలుపు ఆడవాళ్లలో పెద్దావిడ మార్తమ్మగారు. నేను పిన్నీ అని పిలుస్తాను. మిగతావాళ్లు ఆవిడ ఇంటికే వచ్చి నాతో మాట్లాడేవారు. నేను ఫోన్లో రికార్డింగు నొక్కి బల్ల మీద పెట్టగానే “ముందు ప్రార్థన చేసుకుందామమ్మా” అనేవారు మార్తమ్మగారు. మాలో ఏ పనైనా అలాగే మొదలవుతుంది. కొంగు తలమీద కప్పుకుని, అక్కడున్నవాళ్లనీ లేనివాళ్లనీ పేరుపేరునా ప్రభువుకి అప్పజెప్పేవారు. నేనూ కళ్లు మూసుకుని ఆమేన్ అనేదాన్ని. ఆ తర్వాతే ప్రశ్నలు. పేర్లు బయటికి రానివ్వనని మాటిచ్చాను. సమాధానాల్లో వినపడ్డ ప్రతి పేరూ, ఊరూ, కంపెనీ నేనే కూర్చుని కత్తిరించాకే రికార్డింగులు ఆయనకిచ్చాను. తీరంలో ఉన్నది ఆయన కంపెనీ ఒక్కటే కాదు కదా. “ఏ రికార్డింగు మా కంపెనీదో నాకు చెప్పకు కూడా” అన్నారాయన. ఎంత నిజాయితీ అనుకుని మురిసిపోయాను.

కాలేజీకి సెలవని ఓ పొద్దున్న వెళ్తే, వ్యాను వచ్చి వెళ్లిపోయే వేళ దాటాక కూడా మార్తమ్మగారు నూతి దగ్గర గిన్నెలు తోముతున్నారు.

“డ్యూటీకి వెళ్లలేదా పిన్నీ?”

“వ్యాను ఆగలేదమ్మా. నాకూ ఆగలేదు, నీతో మాట్టాడిన ముత్యాలుకీ ఆగలేదు. గుమ్మంలో నిలబడే ఉన్నాం, హారను కొట్టుకుంటా పోయేడు. పేర్లు రానివ్వనన్నావు కదా క్రిస్టీనమ్మా.”

“రానివ్వలేదు పిన్నీ. అన్నీ నేనే తీసేసేను. ప్రభువు సాక్షి.”

“పోన్లే, మేమంటే నోరు జారేం. బ్లెస్సీకీ ఆగలేదు, అదేం చేసిందమ్మా? ఆ పిల్ల నీతో ఒక్క మాటైనా మాట్టాడిందా?”

పక్కింటి అరుగు మీద బ్లెస్సీ కూర్చుని ఉంది. కొత్తగా పెళ్లయిన పిల్ల. భయపడి నా ఇంటర్వ్యూలకి ఎప్పుడూ రాలేదు. నేను అడగనూ లేదు. మరి ఆమె పేరు ఎక్కడ దొరికింది? నిలబడ్డచోటే నాకు మార్తమ్మగారి గొంతు గుర్తొచ్చింది. “తండ్రీ, మా బ్లెస్సీ నీళ్లోసుకుంది. కంపెనీలో తెలిస్తే పని పోతాది. దాన్ని నీ రెక్కల కింద దాచు తండ్రీ.” పనివాళ్ల మాటల్లోంచి పేర్లు కత్తిరించిన నేను ప్రార్థనని ముట్టుకోలేదు. అది ఇంటర్వ్యూ అని నాకెప్పుడూ తోచలేదు. ఆ మాట విన్నది ఆ గదిలో ఉన్న మేమూ, ప్రభువూ, తర్వాత హెడ్‌ఫోన్లలో నా భర్తా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన నా ల్యాప్‌టాప్ ముందే ఉన్నారు, శ్రద్ధగా టైపు చేస్తూ.

“బ్లెస్సీకి వ్యాను ఎందుకు ఆగలేదండీ?”

ఏ బ్లెస్సీ అని అడగలేదు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నారు.

“మేమెవర్నీ తీసెయ్యలేదు. రూటు మారిందంతే.”

“అది ప్రార్థనండీ.”

“చెవిలో పడింది క్రిస్టీ, ఏం చెయ్యమంటావు? రేపు సెలవంటుంది, జీతమంటుంది. తెలిసీ ఊరుకుంటే నా ఉద్యోగమెందుకు? అయినా నీ కోసమే చేసేను. ఆ మార్తమ్మ వాళ్లు అక్కడే ఉంటే, నీ థీసిస్ చూపించి గొడవ చేస్తే, నీ మొగుడి పరిస్థితేంటి?”

గదిలోంచి అత్తయ్యగారు అందుకున్నారు. “వాడు ఆఫీసు నుంచి అలిసిపోయొచ్చి నీకు టైపు చేసి పెడతన్నాడు. ఆ విశ్వాసం కూడా లేదా అమ్మా?”

“ప్రార్థన వచ్చినప్పుడు మీరు కళ్లు మూసుకున్నారా?” అని అడిగాను. ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కళ్లు మూసుకుని నిలబడే మనిషికి నిజంగానే అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్లి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి టైపు చేస్తున్నంతసేపూ కాఫీలు కలిపి ఇచ్చాను. వేళ్లు నొప్పిగా ఉన్నాయంటే నూనె రాశాను. ఆయన నాకు సాయం చెయ్యలేదు, జీతం లేకుండా నన్ను ఆయన కంపెనీలో పనిలో పెట్టుకున్నారు. ఊళ్లు తిరిగి, ఆ ఆడవాళ్ల నమ్మకం సంపాదించి, మోసుకొచ్చి ఆయన చేతిలో పోశాను. ఇన్నేళ్లలో దొరికిన ఒక్క ఆదరణా ఇదేనా అని తలుచుకుంటే, కరిగిపోయిన నా మనసు మీదే నాకు కోపమొచ్చింది.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లకుండా మార్తమ్మగారింటికి వెళ్లాను. ముత్యాలునీ బ్లెస్సీనీ పిలవమన్నాను. అలవాటుగా ఫోను బల్ల మీద పెట్టాను. మార్తమ్మగారు దానికేసి చూశారు. కొంగు తలమీదికి తీసుకోలేదు.

“ప్రార్థన ఎందుకులేమ్మా. అడిగేదేదో అడుగు.”

అంత మర్యాదగా నన్నెవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

“ఇవాళ అడిగేదేం లేదు పిన్నీ. చెప్పేది నేను. మీకిష్టమైతే కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదిద్దాం. దానికి ఇది జత చెయ్యండి.”

రికార్డింగు నొక్కాను. చీర కొంగు తలమీద కప్పుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

“ప్రభువా, కడుపుతో ఉన్న పిల్ల గుమ్మం ముందు వ్యాను ఆపొద్దని చెప్పిన శ్యామ్ బాబుగారిని నీకు అప్పజెప్తన్నాను. ఆయన హెచ్చార్ మేనేజరు. ఆ పిల్ల సంగతి ఆయన విన్నది మా ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లో. ఆ మాట ఆయనే నాతో అన్నారు. నేను ఆయన భార్యని. నా పేరు క్రిస్టీనా.”

గాజుల చప్పుడైతే కళ్లు తెరిచాను. మార్తమ్మగారు కొంగు తలమీదికి లాక్కుంటున్నారు.

“కంపెనీ పేరు కూడా చెప్పమ్మా. ప్రభువుకైతే తెలుసు, ఆఫీసరుగారికి తెలియొద్దూ?”