మరకలాయన ముక్కు

మరకలాయనకు వాసన తెలియదని ఆసుపత్రి లాండ్రీలో అందరూ నమ్ముతారు. చిన్నప్పటి జ్వరంలో పోయిందని కొందరు, ముక్కులో నరం తెగిందని కొందరు కారణం దగ్గర తగవుపడతారు గాని, అసలు సంగతి మీద ఎవరికీ అనుమానం లేదు. సాక్ష్యాలు కూడా గట్టివే. పంతొమ్మిదేళ్లుగా ఆయన మాసిన గుడ్డలు ఏరే మైల గదిలోనే కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ గదిలోకి రావలసి వస్తే మిగతావాళ్లు మాస్కు మీద అరచెయ్యి కూడా అదుముకుంటారు. ఆయన మాత్రం మూట విప్పగానే మాస్కును గడ్డం కిందికి లాగేస్తాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ ఉదయం ఆయన నాలుగో సంచీ మూతి విప్పుతున్నాడు. పైన దుప్పటి, దాని మడతల్లో ఎవరో కక్కుకున్న విరిగిన పాలు. దాని కింద దిండు గలేబు, చీముతో దానికి అతుక్కుపోయిన కట్టు. గలేబు చిరగకుండా ఆ కట్టును వేళ్లతో మెల్లగా ఒలిచి చెత్త డబ్బాలో వేశాడు. కడుపులోంచి ఏదో గొంతుదాకా ఎగదన్నింది. దాన్ని మింగి, తరువాతి గుడ్డ అందుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా అది రోజూ వస్తూనే ఉంది, ఆయన మింగుతూనే ఉన్నాడు.

ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడుతుందని పుస్తకాలు చెబుతాయి. అది నిజమే. కాని ఆ సౌకర్యం ఒకే వాసనలో ఉండేవాడికి. మరకలాయనకు సంచీకొక కొత్త కంపు. ఒకదానికి ముక్కు సర్దుకునేలోగా ఇంకొకటి వచ్చి మీద పడుతుంది.

ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గుడ్డలది వేరే పేచీ. తడిసిన ముదురు ఆకుపచ్చ మీద నెత్తురూ మందునీళ్లూ కంటికి ఒక్కలాగే నల్లగా కనిపిస్తాయి. నెత్తురు గుడ్డ ముందు చన్నీళ్లలో నానాలి. తిన్నగా వేడినీళ్ల మిషన్లో పడిందా, మరక ఉడికి దారాల్లో పాతుకుపోయి ఇక వదలదు. అందుకే ఆయన మాస్కు దించుతాడు. గుడ్డను ముఖం దగ్గరికి తెచ్చుకుని ఒక్క శ్వాస పీలుస్తాడు. తడిసిన తుప్పు వాసన వస్తే ఎడమ తొట్టి, రాకపోతే కుడి తొట్టి. వెంటనే మాస్కు ఎక్కించుకుని, మునిగి తేలినవాడిలా రెండు మూడు శ్వాసలు లోపలికి లాక్కుంటాడు. అద్దం తలుపు అవతలివాళ్లు దించడం చూశారు. ఎక్కించుకున్నాక ఆయన కళ్లెలా మూసుకుపోతాయో మాత్రం ఎవరూ చూడలేదు.

అన్నం సంగతీ అంతే. పనిలో చేరిన వారం ఆయన అందరితోపాటే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇటుపక్క మనిషి చెయ్యి కడుక్కోవాలని లేచాడు. అటుపక్క ఆవిడ మంచినీళ్లకని లేచింది. ఇద్దరూ తిరిగొచ్చి వేరే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన తన చొక్కా చేతిని మెల్లగా వాసన చూసుకున్నాడు. మర్నాటినుంచి అన్నం డబ్బా మైల గదిలో కిటికీ పక్కన తెరిచాడు. నెల తిరక్కుండా ఆయనకు వాసన తెలియదన్న మాట పుట్టింది. ఆయన కాదనలేదు. కంపు కొట్టే మనిషికన్నా కంపు తెలియని మనిషికి కాస్త మర్యాద ఎక్కువనిపించింది.

ఇప్పుడు కాదనవలసిన అవసరం వచ్చింది. ఇస్త్రీ గదిలో పనిచేసే ముసలాయన మానేసి నెల అయింది. అక్కడ పెద్ద కిటికీలు, వెచ్చటి ఆవిరి, ఉతికిన నూలు వాసన. ఆ చోటుకోసం మరకలాయన అర్జీ పెట్టుకోవడం ఇది మూడోసారి. జవాబు ఈరోజే చెబుతానన్నాడు సూపర్‌వైజరు. పొద్దున డబ్బా చేతికిస్తూ భార్య అంది:

"ఈసారైనా నోరు విప్పండి. నేను మాస్కు కుట్టింది ముక్కుకి, నోటికి కాదు."

మధ్యాహ్నం భోజనాల బల్లలు పక్కకు జరిపి, 'ఆనందంగా బతకడం ఎలా' అన్న క్లాసు పెట్టారు. శిక్షకుడికంటే ముందు ఆయన సెంటు గదిలోకి వచ్చింది. కుళ్లిన పూలను చక్కెర పాకంలో ముంచినట్టున్న ఆ తీపికి మరకలాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. శిక్షకుడు అందరికీ తలా ఒక చిన్న పుస్తకం పంచి, అసహ్యం బయట ఎక్కడా లేదనీ, అది మనసు అల్లుకున్న అల్లిక అనీ వివరించాడు. వివరిస్తూనే, దగ్గర్లో ఉన్న కుర్చీ పట్టె మీద చెయ్యి పెట్టబోయి, దాన్నోసారి చూసి, రుమాలుతో తుడిచి పెట్టాడు. తరువాత, కృతజ్ఞత చెప్పుకోదగినవి మూడు రాయమన్నాడు. మరకలాయన చాలాసేపు ఆలోచించి ఒక్కటే రాశాడు. శిక్షకుడు వంగి పైకి చదివాడు.

"నారింజ తొక్క. బాగుంది, చిన్న చిన్న సంతోషాలు. పెద్దాయనా, మీ గురించి విన్నాను. అలాంటి గదిలో పంతొమ్మిదేళ్లు హాయిగా పనిచేశారట. ఆ రహస్యమేంటో వీళ్లకి కాస్త చెప్పండి."

మరకలాయన లేచాడు.

"రహస్యమేం లేదు సార్. నాకు వాసన తెలుస్తుంది."

గది గొల్లుమంది. మిషన్లు నడిపే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అంది:

"అయితే బాబాయ్, రోజూ నా డబ్బా మూత తీస్తుంటే ఒక్కసారైనా ఏంటమ్మా కూరని అడగలేదేం?"

"నువ్వు ఆ చివర బల్ల దగ్గర తింటావు కదమ్మా," అన్నాడాయన. ఆమె నవ్వు కాస్త తగ్గింది. ఆయన శిక్షకుడివైపు తిరిగాడు. "మీ సెంటు కూడా తెలుస్తోంది సార్. వాంతి వచ్చేలా ఉంది."

ఈసారి నవ్వులకు చప్పట్లు తోడయ్యాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు శిక్షకుడే.

"చూశారా? లోపాన్ని కూడా హాస్యంగా మార్చుకున్నారు. నేను చెప్పేది ఇదే."

క్లాసు అయ్యాక సూపర్‌వైజరు ఆయన్ని నడవలో ఆపాడు.

"ఇస్త్రీ గదికి మొన్న చేరిన ఆ కొత్తావిణ్ణి వేశానయ్యా. పాపం, ఈ కంపు ఆవిడకి పడట్లేదు."

"నాకూ పడదండీ."

"క్లాసయిపోయింది, ఇంక జోకులు చాలు. భోంచేసేదే ఆ గదిలోనాయె. నిన్ను తీసేస్తే అక్కడ నిలబడేదెవరు, నేనా? ఉన్నచోటే ఆనందం ఉందని ఇప్పుడేగా విన్నావు."

మాట్లాడుతుంటే సూపర్‌వైజరు పళ్ల సందులో ఆకుకూర కదులుతోంది. పచ్చి ఉల్లిపాయ కంపు మాటతోపాటు వచ్చి ముఖానికి తగిలింది. ఆ నోటిని చూస్తూ మరకలాయన, నాలుగో సంచీలోని కట్టు ఇంతకన్నా నయమనుకున్నాడు. దానికి తన రోగమేమిటో దాచుకునే తెలివి లేదు.

ఆయన మైల గదికి వెళ్లి మిగిలిన ఆరు సంచీలూ విప్పాడు. ప్రతి ఆకుపచ్చ గుడ్డనూ ఎప్పటిలాగే మొహానికి ఆనించి చూశాడు. ఒక్కటీ తప్పు తొట్టిలో పడలేదు. మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, గోళ్లు వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకున్నాడు. ఏప్రాన్, దానిమీద మాస్కు తలుపు వెనక మేకుకు తగిలించాడు. శిక్షకుడిచ్చిన పుస్తకంలోంచి ఒక కాగితం చించి, 'రేపటినుంచి రాను' అని రాసి, తాళంచెవి దానిమీద పెట్టి సూపర్‌వైజరు బల్ల మీద ఉంచాడు. పోతూ పోతూ ఇస్త్రీ గది గుమ్మంలో ఆగి, కళ్లు మూసుకుని, నిండుగా ఒక్క శ్వాస పీల్చుకున్నాడు. కొత్తావిడ తలెత్తి చూసేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఆ కాగితం అందరికీ చూపిస్తూ, క్లాసు మనిషిని ఎలా మార్చిందో చూడండని సూపర్‌వైజరు మూడు రోజులు చెప్పుకున్నాడు. నాలుగో రోజు ఆపరేషన్ గదులవాళ్లు ఆకుపచ్చ గుడ్డల కట్టలు తెచ్చి బల్ల మీద పడేశారు. ప్రతిదాని మీదా ఉడికిపోయిన గోధుమరంగు మరకలు. మైల గదిలోకి వేసిన ఇద్దరు మనుషులూ కళ్లు చించుకుని చూసే ఏరామని ప్రమాణం చేశారు.

"చూస్తే ఏం తెలుస్తుంది, అన్నీ నలుపేగా," అంది మిషన్లావిడ. "మరి బాబాయికెలా తెలిసేది?"

ఆ ప్రశ్న అడిగిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆమె మైల గది తలుపు వెనక్కి వెళ్లి మేకుమీది మాస్కు తీసింది. అందరి మాస్కుల్లా ఒక్క పొర కాదు, రెండు పొరలు; మధ్యలో చేతికుట్టుతో వేసిన చిన్న సంచీ, దానికో గుండీ. గుండీ విప్పింది. లోపల ఒత్తుగా పేర్చిన నారింజ తొక్కలు ఎండి గవ్వల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. వేళ్లతో నలిపితే ఇంకా వాసన వేస్తున్నాయి.