కుడి భుజంలో నిద్రపోయేవాడు

సిబ్బంది కొరత వల్ల ఈ వారం నా ఎడమ చెయ్యి మూడో గదిలో పని చేస్తోంది. నేనూ కుడి చెయ్యీ ఒకటో గదిలో ఉన్నాం. పొద్దున డ్యూటీ ఎక్కగానే మేనేజర్ కిరీటి గారు నా మణికట్టు మెల్లగా తిప్పి ఎడమ చేతిని ఊడదీసుకుంటారు. వేడినీళ్ళలో ముంచి పిండిన తువాలులో చుట్టి తీసుకెళ్తారు. సాయంత్రం తిరిగి ఇచ్చేస్తారు. నొప్పేమీ ఉండదు. టిఫిను డబ్బా మూత తియ్యడమే కష్టం.

"అన్ని ఊళ్ళలోనూ ఇంతే నూకరత్నం," అంటారాయన. "వచ్చినవాళ్ళు వచ్చినట్టే మానేసి పోతున్నారు. నేర్పినవాళ్ళని దుబాయ్ వాళ్ళు ఎగరేసుకుపోతున్నారు. ఉన్న చేతులతోనే నెట్టుకురావాలి మనం."

మా స్పా విశాఖపట్నంలో, ఋషికొండ దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న మేడ నాలుగో అంతస్తులో ఉంది. ఇక్కడి గదులు ప్యాకేజీని బట్టి సాగుతాయి. పూటంతా ఉండేవాళ్ళకి గది రైలు పెట్టెంత పొడుగు వస్తుంది. ఇప్పుడు అందరూ భోజన విరామంలో వచ్చి పోయే ఎక్స్‌ప్రెస్ మసాజ్‌లే అడుగుతున్నారు కాబట్టి గదులు ముడుచుకుపోయాయి. గోడకి వీపు ఆనించి పని చేసుకుంటున్నాను.

మా అమ్మ ఇరుగుపొరుగుతో నేను ఆసుపత్రిలో చేస్తున్నానని చెబుతుంది. స్పా అంటే జనం ఒకలా చూస్తారని ఆవిడ బెంగ. చూసేవాళ్ళని చూడనీ. నా చేతుల సంగతి నాకు తెలుసు.

పనిలో నాకో పద్ధతి ఉంది. ఎడమ చెయ్యి వింటుంది, కుడి చెయ్యి చేస్తుంది. ఎడమ అరచేతిని ముందు వీపు మీద ఊరికే పెట్టి ఉంచుతాను. ఏది కండరమో, ఏది ఎముకో, ఏది ఆ మనిషి దాచుకున్నదో అది చెబుతుంది. దాచుకున్నదాని జోలికి నేను పోను. కుడి చేతికి ఆ తేడాలేమీ తెలియవు. గట్టిగా ఏదైనా తగిలితే చాలు, దాని అంతు చూసేదాకా వదలదు.

ఈ మధ్య నొప్పులు నూనెలో కరగడం మానేశాయి. నొక్కితే చర్మం దాటి బయటికొచ్చి పరుపు మీద పడుతున్నాయి, నల్లగా, నున్నగా, ఏటిరాళ్ళలాగా. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ మెడనొప్పులు రేగ్గాయంత ఉంటాయి. నడుంనొప్పులు బత్తాయంత. కిరీటి గారు వాటిని కడిగించి, వేడినీళ్ళ పెట్టెలో వేయించి, హాట్ స్టోన్ మసాజ్‌కి వాడుతున్నారు. రాళ్ళు బయటినుంచి తెప్పించక్కర్లేదు, పర్యావరణానికీ మంచిది అంటారు. అతిథులు మెచ్చుకుంటున్నారు. ఎదుటివాళ్ళ నొప్పి ఎవరి వీపుకైనా వెచ్చగానే ఉంటుంది.

అప్పలనరసమ్మ గారు వచ్చిన రోజు నాకు ఒక్క చెయ్యే ఉంది.

ఆవిడ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. డిపోలోవాళ్ళు తలా కొంత వేసుకుని మా గిఫ్ట్ కార్డు కొనిచ్చారట. చెప్పులు చేత్తో పట్టుకుని, సోఫా అంచున కూర్చుని, అగరువత్తుల పొగ వైపు అనుమానంగా చూస్తున్నారు.

"ఏటి సెయ్యాలి పాపా నాను?" అని అడుగుతారు.

"బోర్లా పడుకోండమ్మా. అంతే."

"అంతేనా? పడుకోడానికి ఇంత దూరం రప్పించినారేటి మావోళ్ళు."

ఆవిడ కుడి భుజం ఎడమదానికన్నా బాగా కిందికి ఉంది. రెక్క ఎముక పక్కన ఏదో గట్టిగా, గుండ్రంగా తగులుతుంది. ఎడమ చెయ్యి ఉంటే ఆగి వినేదాన్ని. అది మూడో గదిలో ఉంది. కుడి చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. బొటనవేలు దించి, మోచెయ్యి దించి, ఒళ్ళంతా దించి నొక్కుతాను. ఆవిడ నిద్రపోతున్నారు. అది బయటికొస్తుంది.

మిగతావాటిలా నల్లగా లేదు. గోధుమరంగులో, కొబ్బరికాయంత ఉంది. పెట్టెలో వెయ్యకముందే గోరువెచ్చగా ఉంది. పరుపు మీద పడినా చప్పుడు కాలేదు. మంచి పని చేశాననే అనుకుని దాన్ని పళ్ళెంలో పెట్టి పంపించేస్తాను. అప్పలనరసమ్మ గారు రెండు భుజాలూ సమంగా పెట్టుకుని ఇంటికి వెళ్తారు.

ఆ సాయంత్రం నా ఎడమ చెయ్యి తిరిగి రాదు. ఓవర్‌టైమ్ అంటారు కిరీటి గారు.

మర్నాడు తలుపులు తియ్యగానే అప్పలనరసమ్మ గారు మళ్ళీ వస్తారు. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్నారు. ఒక పళ్ళెంలో తూకపురాయి తీసేసిన తక్కెడలా పూర్తిగా ఎడమకి ఒరిగిపోయి, గోడ పట్టుకుని నడుస్తున్నారు.

"నా భుజంలో ఉన్నది ఏదమ్మా?" అంటారు.

"నొప్పి కదమ్మా. తీసేశాను."

"నొప్పి కాదు. నా గుంటడు."

కూర్చోమంటాను. ఆవిడ కూర్చోరు. నిలబడే చెబుతారు.

"ఆళ్ళ అయ్య పోయేక పిల్లాడ్ని సూసినోళ్ళు నేరు. భుజానేసుకునే డూటీ సేసినాను. కుడి భుజం మీద ఆడు, ఎడం సేత్తో టికెట్లు. మద్దిలపాలెం దాటితే సాలు, నిద్దరోపోయీవోడు. నాలుగేళ్ళప్పుడు జొరమొచ్చి పోనాడు. ఆడి బరువు మాత్రం పోనేదు. అక్కడే ఉండిపోనాది. భుజం వొంగిపోనాది, సూపించుకో, సూపించుకో అని డిపోలో అందరూ తిట్టీవోరు. ఎందుకు సూపించుకుంటాను?"

ఆవిడ ఖాళీ అయిన కుడి భుజాన్ని ఎడమ చేత్తో తడుముకుంటారు.

"రేతిరి ఆడి మొకం గుర్తు తెచ్చుకుందారంటే రానేదమ్మా. పేరొచ్చింది, మొకం రానేదు. భుజం తేలిగ్గా ఉన్నాది. నాకొద్దీ తేలిక. నాది నాకిచ్చీ."

నాకు ఏడుపొస్తుంది. జాలితో వచ్చేది కాదు, సిగ్గుతో వచ్చేది. ఇన్నేళ్ళు ఈ చేతులు చూసుకుని మురిసిపోయాను. ఒక తల్లి భుజం మీద నిద్రపోతున్న పిల్లాడిని లాగి పళ్ళెంలో పెట్టాను.

కిరీటి గారు మొత్తం విని, గడ్డం నిమురుకుంటారు.

"తీసేసిన నొప్పి తిరిగి అడగడం మా దగ్గర ఇదే మొదటిసారమ్మా. దానికి ప్యాకేజీ లేదు. కానీ మంచి ఆలోచనే. వచ్చే సీజన్‌కి పెడదాం."

వేడినీళ్ళ పెట్టె దగ్గరికి వెళ్తాం. అప్పలనరసమ్మ గారు మోచేతిదాకా చెయ్యి ముంచి రాళ్ళన్నీ కలియబెడతారు. ఒక్కోదాన్ని తాకి, ఇది కాదు, ఇదీ కాదు అంటారు. నీళ్ళు సలసలా కాగుతున్నా ఆవిడ చెయ్యి ఎర్రబడదు. పెట్టె అడుగు తగులుతుంది. పిల్లాడు లేడు.

"మూడో గదిలోవి ఇంకా వెనక్కి రాలేదు," అంటాను.

మూడో గదితోపాటు దానికి వెళ్ళే నడవా కూడా ఇవాళ చాలా పొడుగైపోయింది. అంటే లోపలి అతిథి ప్యాకేజీ పొడిగించుకున్నాడన్నమాట. నడుస్తుంటే కిటికీల్లోంచి భీమిలి కనబడుతుంది, తర్వాత ఇంకేవో పేరు తెలియని ఊళ్ళు కనబడతాయి. అప్పలనరసమ్మ గారు ఎడమకి పడిపోకుండా నేను ఆ పక్కన నడుస్తాను. నా ఎడమ చెయ్యి లేని మణికట్టు అడ్డంగా చాపితే దాని మీద ఆవిడ బరువు ఆనించుకుంటారు.

లోపల విశ్వతేజ గారు బోర్లా పడుకుని ఉన్నారు. ఆయన మా పాత సభ్యుడు, మేడల మీద మేడలు కట్టి అమ్మే మనిషి. ధ్యానం, ఉపవాసం, మంచునీళ్ళ స్నానం, కంచుగిన్నెల మోత, మార్కెట్లో కొత్తగా ఏది వస్తే అది చేయించుకుంటారు. ఏదీ ఆయనకి పట్టదు. ఇవాళ ఆయన వీపు నెమ్మదిగా ఎగసి పడుతోంది. రెండు రెక్క ఎముకల మధ్య గోధుమరంగు రాయి ఉంది. నా ఎడమ చెయ్యి దాని పక్కన కూర్చుని జోకొడుతోంది.

ఎడమ చేతికి తెలిసిపోయింది. ముట్టుకోగానే తెలిసిపోయి ఉంటుంది. అందుకే ఇంటికి రాలేదు.

"కదపకండి," అంటారు విశ్వతేజ గారు గుసగుసగా. "ఇప్పుడే నిద్రపోయాడు."

"ఎవరండీ?"

"తెలీదు. బరువుగా ఉన్నాడు. నా మీద ఎవరూ ఎప్పుడూ ఇలా నిద్రపోలేదు."

మా వెనకే వచ్చిన కిరీటి గారు నా చెవిలో చెబుతారు, విశ్వతేజ గారు ఈ రాయికి జీవితకాల సభ్యత్వం తీసేసుకున్నారట. నేను చెయ్యి చాపబోతే కిరీటి గారే నా భుజం పట్టుకుని ఆపుతారు. అందులో ఆయన తప్పు లేదు. వీపు మీద కుదురుకున్న రాయిని లాగితే పగులుతుంది. పగిలిన నొప్పి ఎవరికీ అతకదు. పెట్టుకున్న మనిషి తనంతట తాను ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పలనరసమ్మ గారు ఇలాగే ఒరిగి ఇంటికి వెళ్ళాలి, కొడుకు పేరొక్కటే పట్టుకుని.

నా ఎడమ చేతిని పిలుస్తాను. అది వినిపించుకోదు. నా చెయ్యే నాకు ఎదురుతిరిగితే ఎవరితో చెప్పుకోను.

అప్పలనరసమ్మ గారు దెబ్బలాడతారనుకుంటాను. ఆవిడ బల్ల పక్కన నేల మీద కూర్చుంటారు. బల్లకి మొహం పెట్టుకునే చోట ఉన్న కంతలోంచి కింద ఆయన మొహం కనబడుతుంది. ఆవిడ తల వంచి ఆ మొహంతో మాట్లాడతారు.

"వీపు తిమ్మిరెక్కినాదా బాబూ?"

ఆయన వీపు కదపకుండా కళ్ళు తెరుస్తారు. "ఎక్కింది," అంటారు.

"ఎక్కుద్ది. నిద్దరోయిన పిల్లలు బరువు." ఆవిడ ఖాకీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటారు. "నువ్వు బస్సెక్కినావా ఎప్పుడైనా?"

"చిన్నప్పుడు."

"నిలబడ్డోలి సేతిలో సంటిపిల్లుంటే, సీటున్నోళ్ళు వొళ్ళో కూకోబెట్టుకుంటారు గదా. ఎవలి పిల్లా అని అడగరు. ఎంత దూరమని అడగరు. స్టాపొచ్చీసరికి ఇచ్చెస్తారు. నా సర్వీసులో ఎంతమందిని సూసినాను. ఎవలూ ఉంచీసుకోనేదు బాబూ."

"ఇప్పుడు స్టాప్ వచ్చిందా?"

"వొచ్చినాది."

"ఎవరిది?"

"నాది."

కంతలోంచి ఒక చుక్క నేల మీద పడుతుంది. మసాజ్ నూనె అయి ఉంటుందని కిరీటి గారు తువాలు తెస్తారు. నూనె కాదు.

"వాడికి ఎడమ పక్కకి తిప్పితే ఇష్టం," అంటారు విశ్వతేజ గారు. "నిన్ననే కనిపెట్టాను."

"అవును," అంటారావిడ. "నాకు మరుపొచ్చీసినాది. మంచిమాట సెప్పినావు."

ఆయన ఊపిరి వదిలి, వీపుని కాస్త దించుతారు. ఒళ్ళోంచి పిల్లని అందించేటప్పుడు మనుషులు అలాగే దించుతారు. ఆ దించడంలో రాయి ఆయన చర్మం నుంచి విడివడుతుంది. నా ఎడమ చెయ్యి దాన్ని మెడ కింద పట్టుకుంటుంది, కుడి చెయ్యి కింద పట్టుకుంటుంది. ఎత్తేసరికి ఎడమ చెయ్యి నా మణికట్టుకి అతుక్కుని ఉంది.

అప్పలనరసమ్మ గారు కళ్ళు మూసుకుని కుడి భుజం అందిస్తారు. నేను ముందు వింటాను. తర్వాత ఆనిస్తాను. ఎక్కడా నొక్కక్కర్లేదు. కిక్కిరిసిన సీట్లో మనుషులు కాస్త సర్దుకుని చోటిచ్చినట్టు ఆ భుజం సర్దుకుంటుంది. రాయి లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడ బుగ్గ దానంతటదే అటు వాలుతుంది.

"మొకం వొచ్చినాది," అంటారు. మళ్ళీ కాసేపటికి, "బరువు పెరిగినాడు," అంటారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న సంతోషం నేను ఎప్పుడూ ఎవరి గొంతులోనూ వినలేదు.

ఆవిడ భుజం కిందికి దిగుతుంది. దానితోపాటు నేల కూడా ఆ పక్కకి దిగుతుంది. ముందు నూనె సీసాలు జరుగుతాయి, తర్వాత బల్లలు. మేడంతా ఆవిడ కుడి భుజం వైపు ఒరుగుతోంది. మిగతా గదుల తలుపులు తెరుచుకుంటాయి. అతిథులు బల్లల మీద బోర్లా పడుకుని ఉండగానే, నడవాలోంచి జారుకుంటూ వచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఆవిడ చుట్టూ ఆగుతారు. ఎవరూ లేవరు. కిరీటి గారు ఒక బల్ల కోడు పట్టుకుని, "ఇది భవనానికి మంచిది కాదు," అంటారు, కానీ చాలా మెల్లగా అంటారు.

విశ్వతేజ గారు జారి ఆవిడ పాదాల దగ్గరికి వస్తారు. "కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడుగుతారు.

"కూకో నాయనా. కాళీయే."

ఒరిగిన మేడ కిటికీ సముద్రానికి ఆనుకుంటుంది. దూరం నుంచి ఒక పెద్ద అల వస్తోంది. నాలుగో అంతస్తు ఎత్తుకి లేచి, మా కిటికీ ముందు మెడ వంచి, విరగడానికి సిద్ధమవుతుంది. అప్పలనరసమ్మ గారు దానివైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకుంటారు.

అల ఆగుతుంది. పైన నురగ కూడా కిందికి రాలకుండా ఆగుతుంది. అల లోపల ఒక చేప వెనక్కి తిరిగి, వెనక వచ్చే చేపల దారికి అడ్డం నిలబడుతుంది. ఆ అల వెనక రెండో అల వచ్చి ఆగుతుంది, దాని వెనక ఇంకొకటి. ఒడ్డున ఇసుక ఆరిపోతోంది. సముద్రమంతా లేచి నిలబడి, వరసలో, చప్పుడు చెయ్యకుండా, పిల్లాడు లేచేదాకా ఎదురుచూస్తోంది.