పక్కసీటు బ్రేకు

పెద్ద మాస్టారు, చిన్న మాస్టారు అన్నదమ్ములు. కారు నడపడం నేర్పుతారు. వాళ్ల కారులో నేర్చుకునేవాళ్ల కాలి దగ్గర ఒక బ్రేకు, పక్కసీట్లో మాస్టారి కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చుని ఇద్దరి కుడికాలూ మాట వినడం మానేసింది. ఇంట్లో పిల్లి అడ్డం వచ్చినా నేలను తొక్కుతుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూస్తున్నంతసేపూ పెద్ద మాస్టారు నేలను తొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ ఆ కారులోనే నేర్చుకుని, వాళ్ల గేటు స్తంభాన్ని గుద్దిన మనిషి. స్తంభం ఇప్పటికీ ఒరిగే ఉంది.

"మాస్టారూ, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్. తొందరగానే దొరికింది, ఆపరేషన్ చేసి తీసేద్దాం. ఎందుకొచ్చిందో కూడా తెలిసింది."

"నిదానంగా చెప్పమ్మా. నీకసలే వేగమెక్కువ."

"కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా ఆపే జన్యువులుంటాయి. ఒక్కోటీ రెండేసి, మీ కారు బ్రేకుల్లాగా. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. మీకు వాటిలో ఒకటి పుట్టుకతోనే చెడింది. రెండోది ఆ గ్రంథిలో ఏదో ఒక కణంలో పోయింది. ఇక ఆపేదెవరు? ఆ కణం పోతూనే ఉంది..."

"స్తంభం దాకా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "చిన్న మాస్టారికీ ఆ లోపం ఉండొచ్చు. రక్తపరీక్ష చేయించండి. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉంటాం."

చిన్న మాస్టారు ససేమిరా అన్నాడు. సూదంటే ఆయనకు ప్రాణం పోతుంది.

"నాకేంటన్నా, గుండ్రాయిలా ఉన్నాను. అయినా స్తంభం కనపడనావిడకి నా ఒంట్లోది కనపడుతుందా?"

పెద్ద మాస్టారు వాదించలేదు. మర్నాడు పొద్దున్నే కారు కింద దూరి పక్కసీటు బ్రేకు కడ్డీ విప్పేశాడు.

ఆరోజు నేర్చుకోవడానికి వచ్చింది బేకరీ ఆవిడ. కబుర్లలో పడితే స్టీరింగు రెండు చేతులా వదిలేసే రకం. చిన్న మాస్టారు కూర్చుని, అలవాటుగా బ్రేకు తొక్కి చూశాడు. పెడలు వెళ్లి నేలకు తగిలింది.

"అన్నా! నా బ్రేకేది?"

"ఇదిగో, నా చేతిలో. ఆవిడ దగ్గర ఇంకోటుందిగా, పోనియ్యి."

"ఒక్క బ్రేకుతోనా? ఈవిడతోనా? అదీ పోతే?"

"నేనిక్కడే ఉన్నానండీ" అంది బేకరీ ఆవిడ.

"ఎందుకు పోతుందిరా? బండి గుండ్రాయిలా ఉంది" అన్నాడు పెద్ద మాస్టారు.

తమ్ముడు అన్న చేతిలోని కడ్డీని చూశాడు. కారు దిగాడు. "ఆ సూది ఎంత పొడుగుంటుందంటావ్?" అన్నాడు.

సూది దగ్గరికొస్తుంటే అన్నదమ్ములిద్దరూ కలిసి నేలను తొక్కారు.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. "చిన్న మాస్టారూ, మీకూ పుట్టుకతోనే ఒకటి చెడింది. రెండోది ఉంది కాబట్టి ప్రస్తుతానికి భయం లేదు. ఏటా పరీక్ష చేస్తూ కనిపెట్టి ఉంటాను."

"స్తంభాన్ని కనిపెట్టినట్టేగా" అని గొణిగాడాయన.

"నిజమే, ఆరోజు నేను బ్రేకు తొక్కలేదు. పక్కసీట్లో మీరు గురకపెడుతున్నారు. ఒకటి పోయినప్పుడు రెండోది మెలకువగా ఉండాలనేగా నేను చెప్పేది."

పెద్ద మాస్టారు మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇన్నేళ్లూ పాపం ఈ పిల్లని ఆడిపోసుకున్నావు కదరా!"

చిన్న మాస్టారి కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. అన్న మాత్రం ఆగలేదు. ఇంటిదాకా తిడుతూనే ఉన్నాడు.