తొడ మీది చెవి

"చెవి తోలు కాదు మామా. ఇంగ ఎన్నిసార్లు చెప్పల్ల మీకు?"

"మరి ఆ డాక్టరమ్మ నా ముందరే అనె గదా, డాగ్ ఇయర్ అని? నాకేమన్నా చెవుడా? డాగ్ అంటే కుక్క, ఇయర్ అంటే చెవి. నేనూ ఎస్సెస్సెల్సీ చదివినోణ్ణే." వీరభద్రయ్య కాఫీ లోటా కింద పెట్టి, నడవలో గోనెపట్టా మీద పడుకున్న ఇంటి కుక్క పాపి వైపు చెయ్యి చాపాడు. "తొడ మీద ఆ ఉబ్బు చూడు. అచ్చం చెవే."

"దాని రెండు చెవులూ దాని తల మీదనే ఉండాయి. లెక్క పెట్టుకోండి."

"ఇంకో కుక్కది కోసుకొచ్చి అతికించిందేమో! యాడిదో, ఎప్పుడు సచ్చిందో! శుక్రవారం కొత్త అంగడి పూజ పెట్టుకోని, సచ్చిన కుక్క తోలు ఇంట్లో ఉంచుకుంటామా?"

ఈ వాదన మొదటి కాఫీతో మొదలై రెండో కాఫీ దాకా వచ్చింది. మనవరాలు భవిత నవ్వు ఆపుకోలేక కాలేజీ బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. కోడలు పంకజాక్షికి నవ్వు రాలేదు.

పాపికి ఆపరేషన్ చేసిన పశువుల డాక్టర్ ఎలిజబెత్ చెప్పింది ఆమెకు బాగా గుర్తుంది. గాయం మీదికి తెచ్చింది పాపి డొక్క తోలే. మూడు పక్కల కోసి, ఒక పక్క వదిలి, తిప్పి తొడ మీద కుట్టారు. ఆ వదిలిన పక్కనుంచే రక్తం వచ్చి తోలును బతికిస్తుంది. తిప్పిన చోట చిన్న ముడత లేచింది. "దీన్ని మేం డాగ్ ఇయర్ అంటాం. పేరంతే. బాగలేదని ఇప్పుడు కోసేస్తే రక్తం దారి ఇరుకవుతాది. నెలా రెండు నెలల్లో అదే అణిగిపోతాది. అదమద్దండి. బిగించి కట్టద్దండి. ఈ తోలు చస్తే కప్పేదానికి ఇంకో తోలు లేదమ్మా. కాలే తీసేయాల్సొస్తాది."

అన్నిటికంటే కాలు అన్న మాటనే పంకజాక్షి గట్టిగా పట్టుకుంది.

జీన్స్ ఉతికే యూనిట్ టెంపో పాపిని ఈడ్చుకుపోయి మూడు వారాలు. మొదటి వారం ఇంటినిండా వైద్యులే. వీరభద్రయ్య పసుపూ కొబ్బరినూనే పూశాడు. ఆయన కొడుకు జితేంద్ర, అంగడి పక్కాయన చెప్పాడని, బూడిద చల్లాడు. గాయం వాసన కొట్టడం మొదలైన రోజున వైద్యులంతా ముక్కు మూసుకుని అంగడికి పోయారు. పురుగులు ఏరింది పంకజాక్షి. ఆటోలో ఆసుపత్రికి మోసుకుపోయిందీ ఆమే.

జితేంద్ర స్నానం చేసి వచ్చి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ పాపి పక్కన వంగి చూశాడు. వాళ్ళది మూడు తరాల గుడ్డల వ్యాపారం. గుడ్డ గురించి ఆయనకు తెలియనిది లేదు. అందువల్ల గుడ్డ కానివాటి గురించి కూడా తెలియనిది లేదు.

"కటింగ్ రాలే ఆయమ్మకు. మన టైలరు ఉచ్చెంగెప్ప ఇట్ల ముడత వదిలుంటే కస్టమరు మొగాన కొడ్తుండె."

"ఉచ్చెంగెప్ప కుట్టేది జాకెట్లు."

"జాకెట్టయితే ఏంది, తోలయితే ఏంది? కుట్టు కుట్టే."

"అయితే పోయినేడు మీకు హెర్నియా వచ్చినప్పుడు ఉచ్చెంగెప్ప దగ్గరికే పోకపోతిరా!"

జితేంద్ర వినపడనట్టు తువ్వాలు తీగ మీద వేశాడు. వీరభద్రయ్య మాత్రం తీర్పు చెప్పేశాడు. "సుమ్మనె మాటలెందుకు? మంజు బేస్తవారం కారు తెస్తాడు. దీన్ని కుడతినికి తీసుకపోతాడు. పూజయినాక చూసుకుందాం."

మంజునాథ్ చిన్న కొడుకు, కుడతిని కరెంటు ప్లాంటులో ఉద్యోగం, అక్కడే క్వార్టర్సు. పాపిని కారులో కుదిలించకూడదని డాక్టరు చెప్పిందని పంకజాక్షి అంది. ఆ మాట విన్నవాళ్ళెవరూ లేరు.

బుధవారం ఆమె పూలకూ తమలపాకులకూ బజారుకు పోయింది. ఆకుల దగ్గర గుంపు, ఆటో దొరకలేదు. తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. పాపి తోక ఊపలేదు. గాయం నాకకుండా మెడకు పెట్టిన ప్లాస్టిక్ గరాటు నేలకు ఆనించి, కళ్ళు మాత్రం పైకెత్తి చూసింది.

తొడ చుట్టూ చీర ఫాలు గుడ్డ. నాలుగు చుట్లు. కింద గంజి పెట్టిన లైనింగు ముక్క, దాని కింద అట్టముక్క. కొసన మూడు పిన్నీసులు, అంగట్లో చీరలకు పెట్టినట్టే వరసగా.

ఆమె పిన్నీసులు తీసి, చుట్లు విప్పింది. నాలుగు రోజులుగా గులాబీ రంగులో ఉన్న తోలు కొస నేరేడుపండు రంగుకు తిరిగింది. వేలు వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలింది.

"ఎవురు కట్టింది?"

"నేనే." జితేంద్ర పేపరు మడిచాడు. "సాయంత్రానికి ఇస్త్రీ చేసినట్ల కూర్చుంటాది, చూడు."

"బిగించి కట్టద్దని మీ ముందరే చెప్పె గదా ఆయమ్మ?"

"మంచికే కట్టినా. పూజకు పెద్ద పెద్ద కస్టమర్లు ఇంటికి భోజనానికొస్తారు. పాపిని రేపే పంపద్దు, పూజయినాక పంపిద్దామని నేనే నాన్నకు చెప్దామనుకున్నా. కానీ ఆ ఉబ్బు చూస్తే ఏమనుకుంటారు? గుడ్డలోళ్ళ ఇంట్లో కుక్కకు సరిగా కుట్టు పడలేదనుకోరా?"

పంకజాక్షి ఆయన ముఖం చూసింది. ఇరవై మూడేళ్ళుగా ఆ ముఖానికి అన్నం పెడుతోంది. ఇంత పెద్ద తెలివికి ఇంత చిన్న తల ఎట్లా సరిపోయిందో మొదటిసారి ఆశ్చర్యమేసింది.

ఫోటో తీసి డాక్టరుకు పంపింది. వెంటనే ఫోనొచ్చింది.

"ఎంతసేపు కట్టుంది?"

"రెండు గంటలు దాటిందంట."

"విప్పేసినారు గదా, మంచిది. ఇంగ ఎవురూ ముట్టద్దండి. కొస పోతే పోనీ. నలుపు లోపలికి పాకకూడదు. గంటకోసారి రంగు చూసి నాకు పంపండి. మీ ఇంట్లో చూసుకునేవాళ్ళుండారా?"

"నేనుండా."

"మీరు కాకుండా?"

"లేరు డాక్టర్," అంది.

సాయంత్రం దాకా గోనెపట్టా పక్కనే కూర్చుంది. పూలు కట్టలేదు. తమలపాకులు సంచిలోనే ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకు నేరేడు రంగు మెల్లగా వెనక్కి తగ్గింది. వేలెడు వెడల్పు కొస మాత్రం నల్లగానే నిలిచింది. డాక్టరు "అది పోతాది, మిగిలింది బతుకుతాది" అని మెసేజి పెట్టింది. వీరభద్రయ్య అటుగా రెండుసార్లు పోతూ, "నేను ముందే చెప్తిని, అది అతుక్కోదని," అన్నాడు. నల్లబడిన కొసతో తన చెవి సిద్ధాంతం గెలిచినట్టు ఆయన ముఖం వెలిగింది.

బేస్తవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. మంజునాథ్ కారు వాకిట్లో ఉంది. వెనక సీటు మీద పాత దుప్పటి కూడా పరిచి తెచ్చాడు. భవిత వడ్డిస్తోంది.

"వదినా, తిన్న తక్షణమే పాపిని ఎక్కిచ్చేద్దాం. నాకు సాయంత్రం షిఫ్టు ఉండాది," అన్నాడతను.

పంకజాక్షి మామగారి ఆకులో చారు పోసింది. తర్వాత భర్త ఆకులో. గిన్నె కింద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

"పాపి యాడికీ పోదు. కుట్లు విప్పేదానికి పది దినాలుండాది. అంతవరకూ అది, నేను పైగదిలో ఉంటాం."

"రేపు పూజ?" జితేంద్ర ముద్ద చేతిలోనే ఉంది. "పీటల మింద నా పక్కన ఎవురు కూర్చునేది?"

"నేను రాను. నా చీర కూడా తియ్యద్దు. భవితా, నా చాప, దిండు పైన పెట్టు. వంట నువ్వు చెయ్యద్దు, నీకు పరీక్షలుండాయి. వీళ్ళే చూసుకుంటారు."

వీరభద్రయ్య కొడుకును చూశాడు. కొడుకు తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు చారు చూసుకున్నాడు.

"గది బీగం నా కాడనే ఉంటాది," అంది పంకజాక్షి. "మజ్జిగ ఆడుండాది, పోసుకోండి."