నిండుకున్నాయి

ఎనభై రెండులో నాగులచవితి నాడు తిన్న చలిమిడి రుచి కాశీవిశ్వనాథం మాస్టారు మరిచిపోలేదు. ఉప్పాడలో మగ్గం పక్కన పీటలు వేసి, నేతపని చేసే లోవమ్మ ఇద్దరికీ చెరో ముద్ద పెట్టింది. భార్య పోయాక పండగపూట ఆయనకు ఒకరు పెట్టిన తీపి అదే.

రెండో ముద్ద ఢిల్లీ నుంచి సర్వేకి వచ్చిన బెనర్జీది. నూలు ఎగుమతి విధానం మారాక నేతపనివారిలో పేదరికం పెరిగిందా, తగ్గిందా అని కొన్ని దేశాలను పోల్చి చూసే సర్వే అది. కాకినాడలో ఎకనామిక్స్ చెప్పే మాస్టారు దుబాసీగా వచ్చారు. కానీ బెనర్జీ, కొత్తగా తెలుగు నేర్చుకున్న ఉత్సాహంలో, నేనే అడుగుతానన్నాడు.

"ఇంట్లో బియ్యం ఉన్నాయా అమ్మా?"

"నిండుకున్నాయండి" అంది లోవమ్మ.

బెనర్జీ తలాడించి ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ వీధిలో చాలా ఇళ్లలో అదే జవాబు. లోవమ్మ ఇంట చివరి బియ్యం తన చేతిలోని ముద్దేనని మాస్టారికి అర్థమైంది. బెనర్జీకీ అర్థమయ్యే రాస్తున్నాడనుకున్నారు.

ఏడాది తిరిగాక నివేదిక అచ్చయి వచ్చింది. ఉప్పాడ నేతపనివారి ఇళ్లు బియ్యంతో నిండుగా ఉన్నాయట. పండగకు మిఠాయిలూ చేసుకుంటున్నారట. కొత్త విధానం వల్ల అక్కడ పేదరికం పెరగలేదట. అది చూసి ఆ ఊరికి సర్కారు ఇచ్చే చవక నూలు ఆపేశారు. మాస్టారు ఢిల్లీకి రాశారు. బెనర్జీ మర్యాదగానే జవాబిచ్చాడు: పొరపాటు తనదే, కానీ మిగతా దేశాల లెక్కలన్నీ దీంతో ముడిపడిపోయాయి, ఇప్పుడు కదపలేరు.

ఆ మాట చెప్పడానికి మాస్టారు ఒక సాయంత్రం ఉప్పాడ వెళ్లారు. మగ్గం మీద పోగు లేదు.

"నిండుకోవడమంటే నిండటమనుకున్నాడా ఆయన?" లోవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మంచి తెలుగే నేర్చాడండి."

"లేవు అనుంటే సరిపోయేదమ్మా."

"పండగపూట, ఇంట్లో నిలబడి ఆ మాట అంటారేంటండి? మీ ఇంట్లో అమ్మగారు అనేవారా?"

ఆయన భార్య అనేది కాదు. డబ్బా అడుగు గీకుతూ కూడా నిండుకున్నాయనే అనేది.

"అయితే నూలు ఇంక రాదంటారా మాస్టారూ?"

"రాదమ్మా."

నవ్వు ఆగిపోయింది. వాకిలి వైపు చూసి, "చీకటి పడుతోంది. ఇంత తిని వెళ్లండి" అంది.

"తినే వచ్చానమ్మా" అన్నారు మాస్టారు. మధ్యాహ్నం నుంచి ఆయన టీ కూడా తాగలేదు.

లోవమ్మ ఆయన ముఖంలోకి చూసి, నమ్మినట్టే తలూపింది. ఆ మాత్రం దయే ఆయనకు చాలా పెద్దదనిపించింది. సందు చివర ఆయన వెనక్కి తిరిగేసరికి ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆయన మలుపు తిరుగుతుంటే, ఉప్పుగాలికి అరిగిన తలుపును చప్పుడు కాకుండా వేసుకుంది.