రెండు మొక్కులు

మా చెల్లెలికి ఇంట్లో అందరం పెట్టిన పేరు ఎందుకమ్మ. చిన్నప్పుడు పశువులను కాలవకు తోలుకెళ్తే అవి నీళ్లు తాగి ఇంటికొచ్చేవి, ఇది వచ్చేది కాదు. గట్టున కూర్చుని రెండు చేతులతో రెండు రాళ్లు ఒకేసారి నీళ్లలో వేసేది.

“అన్నయ్యా, రెండు అలలూ కలిసిన దగ్గర కొన్నిచోట్ల నీళ్లు కదలట్లేదు. ఎందుకు?”

“అలలు కదా, అలసిపోయి ఉంటాయి,” అన్నాను.

అది నవ్వలేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఊరి బడి దాటింది, టౌను హాస్టలు దాటింది, నాకు నోరు తిరగని చదువులేవో చదివింది. నేను పదో తరగతితో సరిపెట్టుకుని, పిండిమర నడుపుకుంటూ, పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునే మనిషిని. అది చేసేది క్వాంటమ్ పరిశోధనట. అక్కడ ఒకే వస్తువు ఒకేసారి రెండు రకాలుగా ఉండగలదట. కొలిచామా, రెండింటిలో ఒకటే చేతికొస్తుందట. ఎన్నిసార్లు చెప్పినా నాకు తలా తోకా తెలియలేదు.

మొన్న ఫోను చేసింది. “ఇదే ఆఖరి ప్రయత్నం అన్నయ్యా. ఈసారీ కుదరకపోతే నా ల్యాబు గది వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నేను మన టౌను కాలేజీలో చేరిపోతాను, వాళ్లు పోస్టు ఆపి ఉంచారు. నువ్వొచ్చి పక్కన కూర్చో. నీ దేవుడికి కూడా ఓ మాట చెప్పు.”

చెప్పాను. దాని పరిశోధన గట్టెక్కించు స్వామీ అని మొక్కి లేవబోతుంటే, వెనకనుంచి మా ఆవిడ, “మీ చెల్లెలు ఇక మన దగ్గరే ఉండిపోతే ఎంత బాగుంటుందండీ!” అంది. మళ్లీ కూర్చున్నాను. అదీ అడిగాను. ఒకటి ఇస్తే రెండోది ఇవ్వడానికి ఉండదని బస్సు ఎక్కాక గానీ తట్టలేదు. ఒకే నోటితో రెండూ అడిగి పాపం ఆయన్ని ఇరకాటంలో పెట్టానేమో.

దాని గదిలో పంపు మా పిండిమరలాగే దడదడలాడుతోంది. పైనుంచి గోలెమంత తెల్లడబ్బా ఒకటి వేలాడుతోంది.

“లోపల ఏముందే?”

“చలి.”

“చలిని చూపించడానికి ఇంత దూరం రప్పించావా?”

“చూడ్డానికీ లేదు. మూత తీస్తే పాడైపోతుంది. అమ్మ తోడుపెట్టిన గిన్నె అనుకో.”

“ఆ గిన్నె మూత మాటిమాటికీ తీసి తిట్లు తిన్నది నువ్వేగా!”

“అందుకే ఇప్పుడు తీయట్లేదు.”

పక్కనున్న కంప్యూటరు తెర మీద గీత ఒకటి సాగుతుందట. అలలా లేచి పడితే కుదిరినట్టు, చదునుగా పడుకుంటే కుదరనట్టు.

“ఇంతకీ ఏమని మొక్కావు?” అంది.

“రెండూ.”

“రెండూ ఏంటి?”

చెప్పాను. అది పగలబడి నవ్వింది. “ఇన్నేళ్లూ నేను చెప్తే అర్థం కాలేదన్నావు!”

గీత మొదలైంది. చాలాసేపు చదునుగానే పాకింది. చెల్లెలు గోళ్లు కొరుకుతోంది. ఉన్నట్టుండి గీత తల ఎత్తింది, దిగింది, మళ్లీ ఎత్తింది.

“వచ్చింది అన్నయ్యా!”

“అయ్యో,” అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. “అంటే... భలే, భలే!” అని దిద్దబోయాను గానీ జారిన మాట జారనే జారింది.

“నేను వచ్చేయాలనే ఉందన్నమాట నీకు,” అంది మెల్లగా. దాని కళ్లు తడిగా ఉన్నాయి. ఆ గీతకో, నా మాటకో.

“ఏమో తల్లీ. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకు రెండూ సమానమే. ఒట్టు.”

“నమ్ముతాను.”

“మరి ఆ ‘అయ్యో’ ముందునుంచీ నా లోపలే ఉందా, నువ్వు ‘వచ్చింది’ అన్నాక పుట్టిందా?”

అది తెర వదిలి నావైపు తిరిగింది. ఒకప్పుడు కాలవను చూసినట్టు చూసింది.

“నన్నడుగుతావేం? ఎందుకమ్మని నేను కదా!” అంది.

తరవాత కాలేజీవాళ్లకు ఫోను చేసి రానని చెప్పింది. పక్కనే కూర్చుని విన్నాను. అలవాటు కొద్దీ చేతులు జోడించాను. ఈసారి ఆయన్ని ఏమీ అడగలేదు. అడగలేదనే అనుకుంటున్నాను.